గిడ్డంగి చౌకులో సైమి పూలమడి

రౌతసాల్మి ఊళ్ళో గిడ్డంగి చౌకు పక్కనున్న పార్కులో ఏటా నీలం పూలు, తెల్లపూలు మాత్రమే పూసేవి. దేశం జెండా రంగులు కాబట్టి మునిసిపాలిటీ వేరే రంగు ఒప్పుకునేది కాదు. అక్కడ మొక్కలు నాటి, కలుపు తీసి, చలికాలం ముందు మళ్ళీ పీకేసే మనిషి సైమి కార్వోనెన్. ఇరవై మూడు వేసవులు ఆ పని చేసింది. అయితే గిడ్డంగి రాతిగోడ వారన ఉన్న పొడుగు మడిలో ఆమె నాటిన మొక్కల్లో సగం మునిసిపాలిటీవి కావు. ఆ సంగతి ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళకే తెలుసు.

ఆ చౌకు మంచి చోటు కాదు. వెనకటి రోజుల్లో దొంగల్ని కట్టేసి కొరడాలతో కొట్టిన స్తంభం అక్కడే ఉండేదట. పెద్ద కరువు నాటి చలికాలం గిడ్డంగి తలుపు తెరుస్తారని మంచులో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే బిగుసుకుపోయారని ముసలాళ్ళు చెప్పేవారు. లోపల ధాన్యం ఉంది. తాళంచెవి ఉన్న అధికారి ఊళ్ళో లేడు. ఆ తర్వాత ఊరు పెద్దదయింది, కలప కోతమిల్లు వచ్చింది, చౌకులో మంగళవారం సంత పెట్టారు, పక్కన బర్చ్ చెట్లు నాటి పార్కు అన్నారు. అందరూ మర్చిపోయారు.

అంతలో 1918 వచ్చింది. అంతర్యుద్ధంలో ఎర్రవాళ్ళు, అంటే కూలీల పక్షం, ఓడిపోయారు. ఏప్రిల్ చివర ఒక ఉదయం గెలిచిన ప్రభుత్వ పక్షం తెల్లవాళ్ళు ముప్పై ఒక్కమందిని చౌకులో నిలబెట్టి, కాగితం చూసి పేర్లు చదివి, ఆ రాతిగోడ దగ్గర కాల్చేశారు. ఎక్కువమంది మిల్లు కూలీలు. పదకొండో పేరు అక్సెలి కార్వోనెన్, మిల్లు బాయిలర్ దగ్గర పనివాడు, సైమి మొగుడు. పెళ్ళయి పద్నాలుగు నెలలు. నాలుగో పేరు నెస్తోరి, బట్టలుతికే లోవీసా ఒక్కగానొక్క కొడుకు. పంతొమ్మిదేళ్ళవాడు.

శవాల్ని ఇమ్మంటే ఇవ్వలేదు. చర్చిలో గంట మోగలేదు. గోడ వారనే కందకం తవ్వి పూడ్చారని మాత్రం తెలిసింది. పేర్లు చదివిన వరసలోనే పడుకోబెట్టారని ఒక కాపలావాడు ఎవరి చెవిలోనో చెప్పాడు. అదే ఆడవాళ్ళకి ఆస్తి అయింది. గోడ మూల నుంచి మనిషికి అరమీటరు చొప్పున అడుగులు వేసి లెక్క కట్టుకున్నారు. మొదట్లో ఒకరిద్దరు పూలు పెట్టి చూశారు. సిపాయి బూటుతో తన్ని, పెట్టినవాళ్ళ పేర్లు రాసుకున్నాడు. ఆ పేర్లున్నవాళ్ళకి మిల్లులో పని పోయింది. మరుసటి ఏడు మునిసిపాలిటీ అక్కడ నల్లమట్టి పోసి పూలమడి చేసింది.

ఆ ఏడే సైమి పార్కులో చేరింది. అప్పటి తోటల పెద్ద స్వీడిష్ మాట్లాడే ముసలాయన, రెండు ముక్కలే అడిగాడు.

"మొగుడున్నాడా?"

"లేడు."

"పార పట్టగలవా?"

పట్టగలనంది. మూడో ప్రశ్న ఆయన అడగలేదు. అడగకూడదని తెలిసే అడగలేదేమో.

అప్పట్నుంచి మొదలైంది ఆ పద్ధతి. మార్చి నెలలో ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కిటికీ గట్టు మీద డబ్బాల్లో నారు పోసుకునేవాళ్ళు. జూన్ మొదటి శనివారం మధ్యాహ్నం అందరూ ఊరి స్నానాలశాలకి ఆవిరిస్నానానికి వెళ్తారు గదా, చేతిలో బకెట్, బకెట్‌లో ఒళ్ళు తట్టుకునే బర్చ్ ఆకుల కట్ట. కట్ట కింద నారు. పార్కు దారినే నడిచి, సైమి దగ్గర ఆగి, ఎండ బాగుందనో వాన పడేట్టుందనో ఒక మాట అని, నారు దించి పోయేవాళ్ళు. సైమి ఎవరిది వాళ్ళ చోట నాటేది. పోలీసు చూసినా మునిసిపాలిటీ మనిషి మునిసిపాలిటీ మడిలో నీలం పూలు నాటుతున్నట్టే ఉండేది.

లోవీసాతోనే పేచీ.

"ఒక్క ఎర్రది పెట్టవే. ఒక్కటి. ఆకుల చాటున."

"పెద్దమ్మా, నీకు దండం పెడతా. ఎర్రపూవు కనబడిందంటే నన్ను తీసుకెళ్ళి అదే గోడకి నిలబెడతారు."

"నిలబెడితే ఏం? మొగుడి పక్కనే ఉంటావు. నాకైతే ఆ భాగ్యం లేదు, ముసలిదాన్ని, తూటా దండగ అంటారు."

అని నవ్వేది. పళ్ళు అప్పటికే సగం లేవు. నవ్వుతూనే నాలుగో చోటు దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, మట్టిని ఒకసారి అరచేత్తో తట్టి పోయేది. వేరే ఎవరైనా తడితే మంచం మీద పిల్లాడిని తట్టినట్టుందని తెలిసిపోయేది. బట్టలుతికే మనిషి కాబట్టి ఏం తట్టినా బట్టలు తట్టినట్టే ఉండేది.

అలా ఇరవై మూడేళ్ళు. సైమి మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఒకాయన అడిగాడు, మంచివాడే, వడ్రంగి. రెండు వేసవులు ఆదివారాలు వచ్చి కాఫీ తాగి పోయాడు. పక్క ఊళ్ళో కాపురం పెడదామన్నాడు. మడి ఎవరు చూస్తారని సైమి వద్దంది. వడ్రంగికి ఆ కారణం చెప్పలేదు. కాళ్ళనొప్పులంది.

1942 మే నెలలో, మళ్ళీ యుద్ధం నడుస్తుండగా, మునిసిపాలిటీ ఉత్తర్వు వచ్చింది. పార్కుల్లో పూలు వద్దు, బంగాళాదుంపలు వెయ్యాలి. కొత్త తోటల పెద్ద బెర్గ్ వేరే ఊరి నుంచి వచ్చినవాడు. ఏ గోడ కథా ఆయనకి తెలియదు. పనివాళ్ళని పిలిచి మడులు పంచుతున్నాడు.

"గోడవారన పొడుగు మడి నాకివ్వండి, బెర్గ్ గారూ. అందులో ఇంకెవర్నీ పార పెట్టనివ్వకండి."

"ఇరవై మీటర్లు. ఒక్కదానివే తవ్వుతావా? నడుం ఏమవుతుందో తెలుసా?"

"నడుం నాదే గదండీ."

"ఏం, పుట్టింటివాళ్ళు రాసిచ్చారా ఆ మడిని?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. సైమి కూడా నవ్వింది. మడి ఆమెకి దక్కింది.

ఆ శనివారం ఆడవాళ్ళు ఖాళీ బకెట్లతో వచ్చారు. అప్పటికి మిగిలింది తొమ్మిదిమంది. లోవీసా బీదల ఆశ్రమంలో చేరి మూడేళ్ళయింది, నడవలేదు, మరొకామె చేత కబురంపింది. అందరిదీ ఒకటే మాట.

"లోతుగా తవ్వకే, సైమీ."

"తవ్వను."

ఇన్నేళ్ళలో ఆమె బెత్తెడు లోతుకు మించి ఎప్పుడూ వెళ్ళలేదు. నారు నాటడానికి అది చాలు. దుంపలకి చాలదు, పార నిండా దిగాలి. కందకం మోకాలి లోతు కూడా లేదని కాపలావాడు చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. మొదటి రోజు పారని నేలలోకి తొక్కే ముందు ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది. ఏదో ఒకటి తగులుతుంది. తగిలితే మెల్లగా మట్టి కప్పేసి పక్కకి జరగాలి. సాయంత్రానికి మడి అంతా తిరగేసింది. చెక్కముక్క, విరిగిన సీసా అడుగు, గుర్రపు నాడా మేకు. ఇంకేం లేవు. చొక్కా గుండీ కూడా లేదు.

ఇంటికి పోయి చేతులు కడుక్కుని మంచం మీద కూర్చుంది. ముప్పై ఒక్కమంది బూట్లతో, బెల్టులతో పడుకున్న చోట గుండీ లేకపోవడమేంటి?

రెండో రోజు పదకొండో చోట దిగింది. మోకాలి దాకా తవ్వింది, తొడ దాకా, నడుం దాకా. నల్లమట్టి కింద పసుపు ఇసక. ఆ ఇసకలో సన్నటి చారలు, లేత చార, ముదురు చార, మళ్ళీ లేత చార, ఎప్పుడో సరస్సు నీళ్ళు పరిచి వెళ్ళినవి పరిచినట్టే ఉన్నాయి. ఇరవై మూడేళ్ళు మట్టితో బతికిన మనిషికి ఒకసారి తవ్వి పూడ్చిన నేలేదో, మనిషి చెయ్యి తగలని నేలేదో ఎవరూ చెప్పక్కర్లేదు. తవ్విన చోట చారలు చెదిరిపోతాయి, వెయ్యేళ్ళయినా కలవవు. నాలుగో చోట తవ్వింది. ఇరవయ్యో చోట తవ్వింది. అవే చారలు.

గుంటలు పూడ్చి, భోజనాల వేళకి గుర్రాలశాలకి పోయింది. మునిసిపాలిటీ బండివాడు తానెలి అక్కడే ఉంటాడు. డెబ్భై దాటినవాడు. 1918లో ఊళ్ళో గుర్రబ్బండి ఉన్నవాళ్ళలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే.

"తానెలి బాబాయ్. గోడ దగ్గరివాళ్ళు ఎక్కడున్నారు?"

ముసలాయన రొట్టె నములుతున్నవాడు నమలడం ఆపాడు. ఏ గోడ అని అడగలేదు.

"తవ్వావా?"

"తవ్వాను."

"ఏప్రిల్ నేల గదే, అమ్మాయ్. పైన జానెడు బురద, కింద చలికి గడ్డకట్టి ఇనుము. నాలుగు పారలు విరిగాయి. నేల మీదే పడుకోబెట్టి పైన గుడారం గుడ్డలు కప్పి మట్టి పోశారు, అంతే. రెండు వారాలకి ఎండ కాసింది. చౌకులో విజయోత్సవం, కవాతు, బ్యాండు, పెద్దవాళ్ళొస్తున్నారు. వాసన. నన్నూ గుర్రాన్నీ పిలిచారు. ఏడు సార్లు తిరిగాను."

"ఎక్కడికి?"

"మిల్లు వెనక ఒడ్డుకి. బెరడు గుట్టకి."

కోతమిల్లులో దుంగల మీద చెక్కేసిన బెరడు ఏళ్ళ తరబడి పోసి పోసి ఇల్లంత ఎత్తయిన గుట్ట అది.

"వరసగా పడుకోబెట్టారన్నారు, పేర్ల వరసలో."

"కాళ్ళు పట్టుకుని ఈడ్చినవాళ్ళకి పేర్లేం తెలుసే?"

సైమి తలుపు చెక్కకి ఆనుకుంది.

"ఇరవై మూడేళ్ళు అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీశాను. నువ్వు రోజూ బండి తోలుకుంటూ నా పక్కనుంచే పోయేవాడివి."

"టోపీ తీసేవాణ్ణి గదా."

"ఎవరికి తీసేవాడివి?"

"నీకే," అన్నాడు తానెలి. "అక్కడ ఇంకెవరున్నారు?"

సైమి తలుపు వదిలి బయటికి నడిచింది. తిరిగి వస్తుంటే దారిలో గుర్తొచ్చింది. ఆ గుట్ట 1926లో లోపల్నించి అంటుకుంది. ఆర్పడం ఎవరివల్లా కాలేదు. మే నుంచి అక్టోబరు దాకా రాజుకుంటూనే ఉంది. ఊరంతా కిటికీలు మూసుకుంది. ఆరేసిన దుప్పట్ల మీద మసి రాలితే సైమి ఆ మిల్లువాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది. తర్వాత బూడిద ఎత్తి రైలుకట్టకి పోశారు.

ఎవరికీ చెప్పలేదు. దుంపలు నాటింది, గొప్పు తవ్వింది. తొమ్మిదిమందిలో ఎవరు అటు వచ్చినా నిలబడి దుంపమొక్కల తెల్లటి పూలని చూసి, ఈ ఏడు ఇవే గదా అని కళ్ళు తుడుచుకుని పోయేవారు. వాళ్ళకి అక్కడొక మనిషి ఉన్నాడు. ఉండనీ అనుకుంది. తనకి లేకపోతే లేకపోయాడు.

సెప్టెంబరులో తవ్వితే పార్కు దుంపలన్నీ ఆస్పత్రికీ బీదల ఆశ్రమానికీ పోయాయి. అక్టోబరు రెండో వారంలో ఆశ్రమం చూసుకునే మేట్రన్ సైమిని పిలిపించింది. మేట్రన్ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, పని ఎక్కువైన మనిషి.

"మీ లోవీసా దుంప ముట్టడంలేదు. పద్దెనిమిది రోజులైంది. దుంప తప్ప నా దగ్గరేముంది చెప్పండి? రేషన్ రొట్టె ముక్క, అదీ నీళ్ళలో నానబెట్టి చప్పరిస్తుంది. ఉప్పుచేప వారానికొకసారి. ఇలాగైతే మంచు పడే లోపల పోతుంది. డాక్టరు బుర్రపోయిందంటాడు. నాకలా అనిపించడంలేదు. నన్ను మాత్రం శుభ్రంగా తిడుతోంది."

"ఏమని?"

"కొడుకుని ఉడకబెట్టి పెడుతున్నానట."

లోవీసా కిటికీ పక్క మంచం మీద ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. బల్ల మీద పళ్ళెంలో రెండు ఉడికిన దుంపలు తొక్కతోనే ఉన్నాయి, చల్లారిపోయి.

"వచ్చావా, మహాతల్లీ. ఎంతమందిని తవ్వావే?"

"దుంపలే తవ్వాను, పెద్దమ్మా."

"నాలుగో చోట బాగా ఊరాయా?"

సైమి స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇవి ఆ దుంపలు కావు. చర్చి పొలంవి."

"బస్తా మీద పార్కు అని ఇంతేసి అక్షరాలున్నాయి. బట్టలుతికేదానికి చదువు రాదనుకున్నావా? పాస్టరు గారి చొక్కాలకీ పోలీసు చొక్కాలకీ గుర్తులు నేను చదివే గదా వేరు చేసింది. నీకు అబద్ధం రాదే, అమ్మాయ్. మొదట్నుంచీ రాదు."

"ఒక్కటి తిను. నా కోసం."

"నువ్వు తిన్నావా?"

సైమి పళ్ళెం ఆమె వైపు జరిపింది.

"తినలేదు. నాకు తెలుసు. నువ్వు తినని దాన్ని, కన్నదాన్ని, నేనెలా తింటానే? వాణ్ణి తొమ్మిది నెలలు కడుపులో పెట్టుకున్నాను, చాలు. మళ్ళీ పెట్టుకోను." గోడ వైపు తిరిగింది. "ఎక్కువ రోజులు పట్టదులే. బాధేం లేదు. వాడు అక్కడున్నాడు, నేను ఇక్కడ పోతాను. ఏమంత దూరం? సంతకెళ్ళినంత దూరం."

సైమి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఈమె నెల తిరక్కుండా పోతుంది, కొడుకు ఉన్నచోట ఉన్నాడనుకుంటూ పోతుంది. ఉంటే చెప్పాలి. చెబితే బతుకుతుందేమో. దేంతో బతుకుతుందో సైమికి తెలుసు, మే నుంచి తను అలాగే బతుకుతోంది. పక్క మంచం మీది ముసల్ది దగ్గింది. వంటగదిలో గిన్నెలు చప్పుడయ్యాయి. ఆకలితో మనిషి ఎదురుగా పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకి చేతకాలేదు. అంతే. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అంతకంటే పెద్ద కారణం ఆమెకి దొరకలేదు.

"మడిలో ఎవరూ లేరు, పెద్దమ్మా."

"ఏంటీ?"

"నడుం లోతు తవ్వాను. నాలుగో చోట కూడా. ఇసక. ఎవరూ ఎప్పుడూ కదపని ఇసక."

లోవీసా ఇటు తిరిగింది. నవ్వింది. "ఓ దుంప తినిపించడానికి ఎన్ని వేషాలే!"

"అక్సెలి కూడా లేడు. అబద్ధమే ఆడాలనుకుంటే నా వాణ్ణి నాకు ఉంచుకునేదాన్ని గదా."

నవ్వు ఆగింది. "మరి ఎక్కడ?"

"తానెలి బండి మీద తీసుకుపోయాడు. ఆ మే నెలలోనే. బెరడు గుట్టకి."

లోవీసా గుడిసె అప్పట్లో ఆ గుట్ట కిందే, ఒడ్డున ఉండేది. ఊరి బట్టలన్నీ అక్కడే ఉతికి అక్కడే ఆరేసేది.

"ఆ గుట్ట కాలిపోయింది," అంది.

"ఊఁ."

"ఆ ఎండాకాలం ప్రతి దుప్పటీ రెండేసి సార్లు ఉతికాను. మసి పడితే దులిపేదాన్ని. వెధవ మసి అని తిట్టేదాన్ని."

సైమి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. లోవీసా చెయ్యి వెనక్కి తీసుకుని, పళ్ళెం వైపు చాచి, ఒక దుంప అందుకుంది. గోటితో తొక్క తీసింది. ఏ దుంపకైనా తీసినట్టే శుభ్రంగా, చుట్టూ తిప్పుతూ తీసింది.

"అయితే ఇది ఉత్త దుంపే," అంది.

తింది. చిగుళ్ళతో నలుపుకుంటూ ఆఖరిదాకా తింది. రెండోది కూడా తింది. తిన్నాక మూతి తుడుచుకుని, కిటికీ వైపు చూస్తూ, "నన్ను అడక్కుండా చెప్పావే," అంది. మేట్రన్ నడవలో సైమి చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఏం మంత్రం వేశారండీ అంది.

లోవీసా పోలేదు. పెట్టిందల్లా తింది, ఒళ్ళు కూడా చేసింది. యుద్ధం అయ్యేదాకా బతికింది, తర్వాతా బతికింది. సైమి ఆదివారాలు వెళ్ళేది. వాతావరణం గురించీ, కాఫీ ఎప్పుడొస్తుందనీ మాట్లాడుకునేవారు. ఆమె నోటి నుంచి నెస్తోరి పేరు మళ్ళీ రాలేదు. మేట్రన్‌ని తిట్టడం కూడా మానేసింది.

1946లో ఎర్రవాళ్ళకి స్మారకాలు పెట్టుకోవచ్చన్నారు. మిల్లు కార్మికులు కమిటీ వేసుకుని పార్కుకి వచ్చారు. రాయి ఎక్కడ పెట్టాలో చెప్పమని సైమిని అడిగారు. చుట్టూ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, ఏడుగురు, ఆదివారం బట్టలు వేసుకుని. సైమి వాళ్ళ మొహాలు చూసింది. ఒకసారి చెప్పి చూసింది, చాలు. "ఇక్కడే," అని మడి వైపు చెయ్యి చూపించింది. ఆడవాళ్ళు అక్కడే మోకాళ్ళ మీద కూలబడి పైకే ఏడ్చారు, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి.

పేర్లు ఖాయం చేసుకోవడానికి కమిటీవాళ్ళు ఇంటింటికీ తిరిగారు. ఆశ్రమానికి సైమిని వెంటబెట్టుకెళ్ళారు. టోపీ చంకలో పెట్టుకున్న యువకుడొకడు మంచం పక్కన వంగి, మర్యాదగా, గట్టిగా చదివాడు.

"నెస్తోరి హోంకనెన్, పంతొమ్మిదేళ్ళు. మీ అబ్బాయే గదా, అవ్వా? మడిలో పెడుతున్న రాయి మీద చెక్కిస్తున్నాం."

లోవీసా అతన్ని చూడలేదు. సైమిని చూసింది. ఆ చూపు చాలాసేపు ఉంది.

"నాకు పిల్లల్లేరు, బాబూ."

"చర్చి పుస్తకంలో ఉందండీ."

"పుస్తకంలో ఉంటే పుస్తకాన్నే అడుగు."

అతను ఇబ్బందిగా నవ్వి, సైమి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఈవిడ కొడుకే గదా? రాసుకోనా?"

సైమి నోరు తెరిచింది. లోవీసా ఇంకా చూస్తూనే ఉంది. అడక్కుండా చెప్పావన్న మాట సైమికి గుర్తొచ్చింది.

"ఆవిడ లేరంటే లేరు," అంది సైమి.

అతను పెన్సిలు తీసి, పేరు మీద గీత కొట్టేశాడు.